కిటికీ లేని గది

పాలకొల్లులో, బియ్యం మిల్లు వెనక
కిటికీ లేని అద్దె గది మాది.

రొయ్యల చెరువు గట్టున మాడిపోయిన
ఎల్‌ఈడీ బల్బులు నాలుగు విప్పి
చచ్చిన చుక్కని సీసంతో దాటించాడు పల్లాలు.
థర్మాకోల్ చేపల పెట్టెకి
బిస్కెట్ ప్యాకెట్ల వెండి లోపలంతా అతికించాడు.
"మొత్తం నూట పది" అని లెక్క చెప్పాడు.
పెట్టెలో ఇంకా పోని నీచువాసన
లెక్కలో లేదు.

లంక మట్టిలో వంగ నారు.
బల్బు అందక మెడలు సాచి
పీలగా లేస్తుంటే
బెత్తెడు కిందికి దించాడు.

రాత్రి డ్యూటీ దిగొచ్చి
నేను కళ్లు మూసే వేళకి
వాటికి తెల్లారుతుంది.

ఓ రోజు పెట్టె ఎండలో పెట్టాం.
ఒక్క పూటకే ఆకులు తెల్లబోయాయి.
గొడుగు పట్టుకు కూచున్నాడు,
మొక్కలకి.

నాకెప్పుడన్నా పట్టావా, అన్నాను.
కొంచెం జరిగాడు.