కాటా గదిలో లెక్క

రాత్రి రెండున్నరకి చీమకుర్తి నిద్రపోదు.
క్వారీ అడుగున వజ్రాల తీగ
రాయిని వెన్నలా కోస్తుందనడం అబద్ధం.
గంటకి ఐదారు చదరపు మీటర్లు,
అదీ నీళ్ళు తాగుతూ, ఏడుస్తూ.

నేను పైన, కాటా గదిలో.
తీగ మార్చేలోపు టీకని ఎక్కొచ్చి
మాలకొండయ్య అడిగాడు:
"సూర్యుడి చుట్టూ గోడ కడతారంట గదా మేడం,
వెలుగంతా పట్టుకోడానికి.
మన రాయి పనికొస్తదా?"

నవ్వలేదు నేను.
నల్లటి ఒంట్లో రాగి చుక్కలున్న ఈ రాయిని
గెలాక్సీ అని పేరెట్టి అమ్మేది మేమే.
కోసేవాడికి ఆ మాత్రం అడిగే హక్కుంది.

పర్మిట్ చీటీ వెనక తెల్లగా ఉంటుంది.
అక్కడ గీశాను.
సూర్యుడికీ మనకీ ఉన్నంత దూరాన
చుట్టూతా ఒక పెంకు.
తిరగకుండా నిలబడాలంటే
కమానులాగా తన బరువు తనే మోసుకోవాలి.
మన రాయి చదరపు సెంటీమీటరుకి రెండు టన్నులు మోస్తుంది,
ఒంగోలు ల్యాబ్ కాగితం ఇక్కడే ఉంది చూడు.
ఆ పెంకులో పడే నొక్కుడు
దానికి ఆరేడు వేల రెట్లు.

"మందం పెంచితే?"
బరువూ పెరుగుద్దయ్యా.
ఒళ్ళు చేసినవాడికి మోకాళ్ళ నొప్పి తగ్గడం
ఎక్కడన్నా చూశావా?

ఇంకోటి. దాన్ని మధ్యలో పట్టి ఉంచే నాథుడు లేడు.
దారినపోయే తోకచుక్క భుజం తగిలిందంటే
దీపం చుట్టూ పెట్టిన గాజు జరిగినట్టు
జరిగి, జరిగి
దీపానికే అంటుకుంటుంది.

లారీ వచ్చింది. తూకం వేశాను. పోయింది.
అతను కదల్లేదు.

"రాయి యాడనుంచి తెస్తారు?"
బుధుణ్ణి తవ్వుతారంట.
ఆ మాటకి ముఖం విప్పారింది.
ఇది తన పని.
ఎన్ని బెంచీలు దిగాలో, తీగకి నీళ్ళెట్టాగో
వేళ్ళ మీద ఎంచుకుంటా ఎంచుకుంటా ఆగిపోయాడు.
"డంపు యాడ పోస్తారు మేడం?"

ఎవరూ ఆలోచించినట్టు లేరు.
ఇక్కడ పది పాళ్ళు పగలగొడితే రెండు పాళ్ళు రేవుకి చేరతాయి.
మిగతా ఎనిమిదీ రామతీర్థం దారిలో
అసలు కొండకంటే ఎత్తుగా లేచి కూర్చున్నాయి.
సరే, ముక్క పారేయకుండా
గ్రహాన్నంతా పరిచారే అనుకో:
చదరపు మీటరుకి కిలో పైచిలుకు.
మన పలకకి అరవై కిలోలు.
అంత పల్చన కోసే తీగ ఇంకా పుట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది
కనపర్తిలో చెంచమ్మ పెద్దమ్మ ఉప్పు మడులు.
మధ్యాన్నం గట్టు మీద నిలబడితే
మడికొక సూర్యుడు.
ఒక మడి తెగితే పక్క మడికి తెలియదు.
అట్టా రేకు అద్దాలు, కోటానుకోట్లు,
దేనికది విడిగా, సూర్యుడి చుట్టూ పరిగెడుతూ.
పరిగెత్తేదానికి నిలబడే బలంతో పనేముంది?
ఇది అవుతుంది, అన్నాను.
కాగితం మీద, కనీసం.

"గట్టు తగాదాలో?" అన్నాడు.
ఒకటి పోయి ఇంకోదానికి తగిలితే
ఆ ముక్కలు పదింటికి తగిలితే
పంచాయితీ చేసేదెవరు?
పట్టిన వెలుగంతా పని చేశాక వేడైపోతుంది గదా,
అది పోయే దారేది?
మే నెలలో క్వారీ అడుగున నిలబడ్డవాడికి
ఆ సంగతి నేను చెప్పాలా.
పగలు తాగిందంతా రాయి రాత్రికి కక్కుతుంది,
వెల్లకిలా పడుకున్న వీపులోకి.

టీ గ్లాసు కడిగి బోర్లించాడు.
"అంత వెలుగు పెట్టుకోని ఏం చేసుకుంటారో"
అని ఎవరినీ అడగనట్టుగా అని
నిచ్చెన దిగాడు.
తలమీది లైటు ఒక్కో మెట్టే చిన్నదవుతూ
రాయిలో చుక్కంత అయ్యాక
తీగ మళ్ళీ ఏడుపందుకుంది.

ఖాజావలి బండి. ముప్పై నాలుగు టన్నుల రెండొందలు.
నంబరు రాసి, ముద్ర కొట్టి ఇచ్చేశాక
చూసుకున్నాను, అదే చీటీ.
వెనక్కి పిలవలేదు.
టంగుటూరు టోలుగేటు దగ్గర ముందువైపే చూస్తారు.
నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని
కృష్ణపట్నం దాకా
చిల్లరతో పాటు
తీసుకెళ్తాడు.