జోడు పక్షం

పోర్తోలో, త్రిందాద్ స్టేషన్ వెనక సందులో,
కేకుల దుకాణం మీద మూడో అంతస్తు.
లిఫ్టు పనిచేయడం లేదు.
ఎక్కుతూ లెక్కపెట్టాను, యాభై నాలుగు మెట్లు.
నా వయసు కన్నా ఒకటి తక్కువ.

కారుతున్న గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక
చేత్తో పట్టుకునే కూర్చున్నాను.
ముప్పై ఒక్కేళ్లు, అన్నాను,
ఫెల్గెయిరాస్‌లో ఒకటే బూట్ల ఫ్యాక్టరీ.
తోలు ఎటు సాగుతుందో బొటనవేలు చెబుతుంది నాకు.
మార్చిలో మూసేశారు.
ఏదైనా పని చూసిపెట్టండి,
మీ ఫీజు వాయిదాల్లో ఇచ్చుకుంటాను.

గ్రసిందా పెన్ను కింద పెట్టింది.
"మీ దగ్గర ఒక్క సెంటు పుచ్చుకోను, అదెరితు గారూ."
దయ అనుకున్నాను.
"దయ కాదు. డబ్బిచ్చేది కంపెనీ,
కుదిరిన మనిషి ఏడాది జీతంలో అయిదో వంతు.
ఎవరి ఉప్పు తింటున్నానో ముందే చెప్పడం మర్యాద.
కాలికి జోడు వెతికేదాన్ని కాదు నేను.
జోడు తయారై వస్తుంది నా బల్ల మీదికి,
దానికి పట్టే కాలు వెతుకుతాను."

బూట్లు చేసేవాడికి రెండోసారి చెప్పక్కర్లేదు.
మా దగ్గర కొయ్యకాలు ముందు, తోలు తర్వాత.
బల్ల కింద
నా పాదాలు కాస్త వెనక్కి లాక్కున్నాను.

అయినా అన్నీ రాసుకుంది.
మోకాలి నొప్పి గురించి ఆమె అడగలేదు,
నేను చెప్పలేదు.

ఆరు వారాలకు ఫోన్.
బ్రాగాలో కంపెనీ, తోలు కోత విభాగం.
సూపు పొంగి స్టవ్ ఆరిపోయింది, పోనిచ్చాను.
"మీకు కాదు" అంది వెంటనే.
ఆ వెంటనే అన్నందుకు ఆమెను మెచ్చుకుంటాను.
"ముప్పై లోపువాడు కావాలిట. కాగితం మీద పెట్టరు.
మీ చేతికింద పనిచేసినవాళ్లలో ఎవరైనా..."

పేరు నాలిక చివరే ఉంది.
చెప్పకుండా ఉండొచ్చు.
ఫోన్‌లో వాన చప్పుడు,
ఆమె వైపుదో, నా వైపుదో.

ఇలీదియు, అన్నాను. ఎడమచేతి వాటం.
మొదటి ఏడు మూడు తోళ్లు పాడుచేశాడు,
మూడింటికీ తిట్లు నేనే తిన్నాను.
ఇప్పుడు వాడి కోతకి వంక పెట్టలేరు.
మొన్ననే కూతురు పుట్టింది.
ఆ చివరిది రాసుకోకండి.
"రాసుకోను" అంది.

వాడు చేరాడు. ఆమెకు రావలసింది ఆమెకు వచ్చింది.
క్రిస్మస్‌కి ఆ దుకాణం కేకుల డబ్బా ఒకటి
పంపినవారి పేరు లేకుండా మా గుమ్మంలో.

ఆమె అబద్ధం ఆడలేదు, ఆమె జోడు పక్షం.
ఆ వానలో, ఒక్క పేరు చెప్పినంతసేపు
కాలి పక్షాన నిలబడినవాణ్ని నేను.
ఫీజు అడగాలని
తోచనే లేదు.