అరిగిన చోటు

చెప్పకుండా వెళ్ళాలి, అదే నియమం.
ఏడూ నలభైకి టవిన్‌లో సముద్రం ఇంకా బూడిద రంగు.
నలుగురుండే ఇల్లు. నాలుగు పేర్లూ ముందే నా ఫైల్లో ఉన్నాయి
పుట్టిన తేదీలతో, మందుల మోతాదులతో.

తలుపు తీసిన నెరిస్
పరీక్ష హాలు బయట నిలబడ్డ పిల్లలా ఉంది.
తాళాల గుత్తి చప్పుడు కాకుండా
గుప్పిట్లో బిగించి పట్టుకుంది.
ఆ చప్పుడు గెథిన్‌కి పడదట.
అందుకు మనసులోనే ఒక మార్కు వేశాను.

పైన పటారం లోన లొటారం అనడానికి లేదు.
లోన కూడా ఊడ్చే ఉంది.
ప్రతి మాత్రకీ రెండు సంతకాలు,
ఫ్రిజ్ చల్లదనం రోజుకి రెండుసార్లు రాసిన కాగితం,
మంటలొస్తే ఎటు పరుగెత్తాలో బాణాలు,
పెరుగు డబ్బా మీద కూడా తేదీ.
నాలుగో మనిషి ఇడ్వాల్ ఇంకా లేవలేదు.
లేపొద్దన్నాను.

మైరిగ్ మాట్లాడడు. యాభై రెండేళ్ళు.
వాషింగ్ మెషిన్ ముందు స్టూలు వేసుకుని
నీలం తువ్వాలు తిరగడం చూస్తుంటాడు.
అతని తల పక్కనే గోడకి బొమ్మల పలక:
రొట్టె, స్నానం, నిద్ర, బస్సు, సముద్రం.
రొట్టె బొమ్మ కొత్తదనం పోకుండా మెరుస్తోంది.
సముద్రం బొమ్మకి మాత్రం
అలలు పోయాయి, నీలం పోయింది,
వేలు ఆనే చోట తెల్లటి గుంట.

రిజిస్టరు తెరిచాను.
"బయటికి రమ్మంటే ఇష్టపడలేదు."
"ఇష్టపడలేదు."
"ఇష్టపడలేదు."
నవంబరులో పదకొండుసార్లు, ఒకే చేతిరాత,
ఒకే సిరా, బహుశా ఒకే మధ్యాహ్నం.

గుమ్మం దగ్గర అతని బూట్లు తిరగేసి చూశాను.
అడుగున ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది.

నెరిస్ బుకాయించలేదు.
"అతనితో ఇద్దరు వెళ్ళాలి.
ఆ నెలంతా మాకున్నది ఒకటిన్నర మనిషి."
ఆ అర మనిషి ఎవరని అడిగాను.
"నేనే. మిగతా సగం ఆఫీసులో కూచుని
మీకోసం ఇవన్నీ రాస్తోంది."

పైన లౌరి గదిలో ట్యూబ్‌లైటు పీకేసి ఉంది.
బల్ల మీద పచ్చ గుడ్డ కప్పిన చిన్న దీపం,
ఏ జాబితాలోనూ లేనిది.
రాత్రి డ్యూటీ దిగుతున్న ఎబెలే కోటు గుండీలు పెట్టుకుంటూ,
"ఆ ట్యూబ్ అరుస్తుంది" అంది.
"మీకు వినపడదు. నాకూ వినపడేది కాదు.
మూడు రాత్రులు లౌరి పక్కన నేల మీద కూచున్నాక
వినపడింది."
దీపం తన డబ్బుతోనే కొన్నదట.

తనిఖీ చేయించని విద్యుత్ పరికరం: లోపం.
దాని మీద గుడ్డ: ఇంకో లోపం.
రాశాను. రాయకపోతే నేనెందుకు?
రాసి, ఆ వినడాన్ని ఏ గడిలో పెట్టాలా అని
పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాను.

వెళ్ళబోతుంటే కిటికీ దగ్గర గెథిన్
నావైపు చూడకుండా నా కారు నంబరు చదివాడు.
"పోయినసారి ఎర్ర కారు. గురువారం. వాన.
గంటా పది నిమిషాలున్నావు.
మైరిగ్‌ని సముద్రానికి తీసుకెళ్ళమని నెరిస్‌తో చెప్పావు.
త్వరలో మళ్ళీ వస్తానన్నావు.
ఆరువందల నలభై రెండు రోజులు."
ఏడాది దాటిందేమో అనుకుంటున్నాను నేను.
"త్వరలో అంటే ఎన్ని రోజులు?"

ఇంట్లో ఉండేవాళ్ళ అభిప్రాయమనే గడి
ఎప్పుడూ చివరి పేజీలో, రెండు వరుసల జాగాలో ఉంటుంది.
ఆ ప్రశ్నని అక్షరం మార్చకుండా ఎక్కించాను.
కింద జవాబుకి చోటు లేదు.

కారు వెనక్కి తీస్తుంటే అద్దంలో కనపడింది,
మైరిగ్ గుమ్మంలో కూచుని
ఒళ్ళో బూటు బోర్లా పెట్టుకుని
ధర చీటీని గోటితో గీకుతున్నాడు,
ఒక మూల నుంచి, తొందర లేకుండా.