లోపలెవరైనా ఉన్నారా

సొహార్‌లో మే నెల. రాత్రి ఎనిమిదైనా
గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది.
స్టాఫ్ రూములో తొమ్మిది మందిమి,
పేపరు కప్పుల్లో సులేమానీ చాయ్.
కుర్చీలు రెండు తక్కువై నర్సరీ నుంచి తెచ్చారు,
అందులో ఒకటి నాకొచ్చింది.
మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను.

స్కూలు కమిటీ అంటే ఏంటో
ధర్మపురిలో మా అన్నకి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు.
"టీచరువా?" అంటాడు. కాదు.
"ఓనరువా?" కాదు.
చేపల కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్లు బాగుచేసేవాణ్ణి.
రెండువందల పన్నెండు మంది తల్లిదండ్రులు
నా పేరు పక్కన టిక్కు పెట్టారు, అంతే.
ఫీజు ఎంతుండాలో, క్యాంటీన్ నూనె ఎవరు పరీక్షించాలో,
తెలుగు చదివే పదిహేడు మందికి గది ఉండాలో వద్దో
నెలకోసారి చెయ్యెత్తి చెప్తాను.

ఎజెండాలో నాలుగో అంశం: బస్సు నంబరు ఆరు.

యూకేజీ పిల్ల ఫిదా. చివరి సీట్లో నిద్రపోయింది.
తలుపులు పడ్డాయి. ఇంజన్ ఆగింది.
పదకొండు నిమిషాలు.
డ్రైవర్ మురాద్ మరిచిపోయిన సిగరెట్ పెట్టె కోసం
వెనక్కి రాకపోయి ఉంటే...
ఆ వాక్యాన్ని ఎవరూ పూర్తి చెయ్యలేదు.
పిల్ల బతికింది. సెలైన్ ఎక్కించారు.
రెండోరోజు మామిడి జ్యూస్ అడిగిందట.

ప్రిన్సిపల్ లలితాంబిక గారు రిపోర్టు చదివారు.
"మరిచారు" అని రాయాలా, "గుర్తించడంలో జాప్యం" అనాలా
దాని మీద అరగంట.
కురువిళ్ల సార్ కళ్లద్దాలు తుడుచుకుంటూనే ఉన్నారు.
"ఆయాని పంపించేద్దాం, పేరెంట్స్ చల్లబడతారు"
అన్నాడు ధరమ్‌సీ భాయ్.

ఆయా బయట వరండాలో ఉంది.
రాయచోటి దస్తగిరమ్మ. కొంగు నోటికి అడ్డం.
ఆరో బస్సూ ఆమే, తొమ్మిదో బస్సూ ఆమే.
ఇక్కడ పిల్లల్ని దించుతుంటే
అక్కడ గేటు దగ్గర రెండోది హారన్ కొడుతుంటుంది.

ఎందుకు రెండు?
మినిట్స్ పుస్తకం వెనక్కి తిప్పాను.
మార్చి పద్నాలుగు, ఏడో అంశం:
ఫీజు పెంచకుండా ఉండేందుకు రెండు బస్సులకి ఒక ఆయా.
ఏకగ్రీవం.
కింద తొమ్మిది సంతకాలు. మూడోది నాది,
తెలుగులో పెట్టాను, గర్వంగా.
ఆ రోజు చప్పట్లు కొట్టాం. జిలేబీ తెప్పించాం.

బిల్లులు చూశాం, టెండర్లు చూశాం,
ఒక్కో బైసా వెలుగులో పెట్టి చూశాం.
బస్సులో వెనక సీటు మాత్రం
చూసీ చూడనట్టు.

లేచాను. చిన్న కుర్చీ నాతోపాటే లేచింది.
ఎవరో నవ్వి ఆపుకున్నారు.
"మా దగ్గర మైనస్ ఇరవై గది తలుపు వేసేముందు
ఒకడు చివరి రాక్ దాకా నడవాలి.
మూడుసార్లు అరవాలి, లోపలెవరైనా ఉన్నారా అని.
చేపల గదికే అంత..."
గొంతు పూడుకుపోయింది.
"రాసుకోండి. బస్సుకొక ఆయా. చివరి సీటు దాకా నడక.
తప్పు చేసినవాళ్ల పేర్లంటారా,
ఆమెది పదో పేరు. ముందు మన తొమ్మిదీ రాయండి."

మినిట్స్‌లో అలా రాయరన్నారు.

బస్సుకొక ఆయాకి ఆరు చేతులు లేచాయి.
దస్తగిరమ్మని ఉంచడానికి నాలుగు.
ఒక్కటి తక్కువ.

వరండాలోకెళ్లి నేనే చెప్పాను.
ఆమె ఏడుస్తుందనుకున్నాను.
"ఆరో బస్సులో యెనక కిటికీ బిగుసుకోని పోయిండాది సార్,
రెండుతూర్లు చెప్పినా. ఇంకెవురొచ్చినా
అది మాత్రం చూడమనండి" అంది.
ఏడాదిగా కమిటీలో ఉన్నాను.
నాకు తెలీదు.

మర్నాడు అరగంట పర్మిషన్ పెట్టి
స్క్రూడ్రైవరుతో ఆరో బస్సెక్కాను.
చివరి సీటు కింద ఒక సీసా మూత,
సగం కొరికిన ఖర్జూరం, చీమలు.
కిటికీ కదలడానికి చాలాసేపు పట్టింది.

దిగేముందు, ఎవరూ లేరని తెలిసీ,
అరిచాను.
ముందు సీట్లోంచి మురాద్ తిరిగి చూశాడు.
రెండోసారి అతనూ గొంతు కలిపాడు,
బలూచీలో.