తరుగు

ధర్మాబాద్ మిర్చి అడత్‌ల ఇరవై రెండేండ్లు
కాంటా కాడ నిలవడ్డోన్ని.
బస్తా ఎక్కంగనే ముందు గోనెసంచి బరువు తీసేస్త,
తర్వాత తేమకింత, మట్టికింత, తాలుకింత.
మిగిలిందే మిరపకాయ అని చిట్టీల రాస్త.
రైతు తిడుతడు, సేటు గొణుగుతడు.
ఇద్దరూ తిట్టిన నాడు
తూకం సరిగ్గనే ఉన్నట్టని నా లెక్క.

మాది రెండు భాషల ఊరు.
మరాఠీల ఖరం అంటే నిజం.
తెలుగుల కారం అంటే మీకెరికే.
ఒక వత్తు, ఒక దీర్ఘం, అంతే తేడా.
"ఖరం కా?" అని ఎవలన్న అడిగితే
మా హమాలీలు ఓ కాయ ఇరిచి చేతిల వెడుతరు,
నాలిక మీద వెట్టుకొని నువ్వే జూసుకో అని.

ఎలక్షన్ల నెల.
పొద్దుగాల తొమ్మిదింటికి దిగంబర్ ఫోన్ల ఒక ఫోటో:
నీలెగాం వాగు మీది వంతెన నడుముకు ఇరిగి,
బస్సు సగం గాలిల, సగం నీళ్లల్ల.
"అప్పుడు కమీషన్లు తిన్నరు, గిప్పుడు జనాన్ని తింటున్నరు" అన్నడు.
హన్మాండ్లు తన ఫోన్ తీసిండు.
అండ్ల అదే వంతెనంట, కొత్త సున్నం, పూల దండలు.
"నీది ఏడనో కేరళ ఫోటో.
ఎండకాలం మన వాగుల గన్ని నీళ్లెక్కడియిరా?"
"మరి నీ ఫోటోల కొబ్బరిచెట్లు ఎక్కడియిరా?"

పదింటికల్ల సచ్చినోళ్లు ఏడుగురు.
పదకొండుకు పంతొమ్మిది.
చాయ్ వచ్చేటాళ్లకు ఒక్కలు గూడ సావలే,
అసలు బస్సే లేదు.
ఒక్క బీడీ కట్ట పంచుకునేటోళ్లు
అగ్గిపెట్టె గూడ ఎవలిది వాళ్లు కొనుక్కున్నరు.

నేను తక్కువోన్నా?
పంతొమ్మిది అన్నప్పుడు అక్క కొడుకుకు పంపిన.
ఎందుకు పంపినవంటే జెప్పరాదు.
మిరపకాయల చెయ్యి కడుక్కోకముందే
కంట్ల వెట్టుకున్నట్టు.

షెడ్డు నీడకు తొడిమెలు తీసే ఆడోళ్లల్ల
ముక్కుకు కొంగు కట్టుకున్న అంకుబాయి
"నేను పొద్దున ఆ వంతెన మీదికెల్లే వచ్చిన" అన్నది.
ఎవలూ ఇనలే.
తుమ్మి, మల్ల అన్నది.
అప్పుడు ఇద్దరూ ఒక్కపారి తిరిగిండ్రు.
"కూలిందా?"
"నిలవడ్డదా?"

"నిలవడే ఉన్నది. ఒక దిక్కు పిట్టగోడ ఊడింది,
ఏడడుగులో ఎనిమిదో, నేను కొలవలే.
బస్సు రాలే. ఎందుకు రాలేదో నాకెరుక లేదు.
నడిసి వచ్చిన. నడుమల కొంచెం అదిరింది,
వంతెన అదిరిందో నా మోకాళ్లు అదిరినయో
అదీ జెప్పలేను."

"నువ్వు వాళ్ల మనిషివి" అన్నడు దిగంబర్.
"నిన్ను వీళ్లే పంపిండ్రు" అన్నడు హన్మాండ్లు.
ఆ పూట వాళ్లిద్దరికి కుదిరిన మాట అదొక్కటే.
ఆమె మల్ల కాయల మీదికి వంగింది.
కిలోకు ఇంత అని కూలి,
సూసి వచ్చినదానికి పైస లేదు.

రెండు కోసులు లేదు ఆ వాగు.
బండి మీద పావుగంట.
ఎవలూ పోలే. నేనూ పోలే,
లారీ నిండేదాక కాంటా ఇడిసిపెట్టరాదు
అని నాకు నేను జెప్పుకున్న.

కని మధ్యాహ్నమంతా రాళ్లు మారుస్తుంటే
ఆమె మాటలే చెవుల.
కొలవలే. ఎరుక లేదు. జెప్పలేను.
ఇన్నేండ్లల్ల ఎన్ని బస్తాలు ఎక్కించిన్నో,
తరుగు తనే తీసి తెచ్చినోళ్లను
ఒక్కలను జూడలే, ఈమె దాక.

సాయంత్రం అక్క కొడుకు కాడికెల్లి జవాబు:
"మామా, ఖరం కా?"
ఏళ్లు ఇంకా మండుతనే ఉన్నయి.
నిమ్మలంగ ఒక్కొక్క అక్షరం ఒత్తిన:
"పిట్టగోడ ఊడిందట. జూసినామె జెప్పింది.
పంతొమ్మిది అన్నది నేను జూసింది గాదు."

పంతొమ్మిదిని వాడు నలభై మందికి పంపిండు.
దీన్ని
ఎవలకూ పంపలే.