కిక్కు రాడ్డే గేరు రాడ్డు

దాసన్నపేట పాత ఇనుము కొట్లో
కాటా మీద నూట ముప్పయ్యెనిమిది కేజీలు తూగింది యెజ్డీ.
కేజీకింతని లెక్కగట్టి ఇచ్చీసినాడు పోలారావు.
ట్యాంకు నిండా తుప్పు,
సీటు కింద ఎలక కాపురం,
ఓ పక్క సైలెన్సరుంది, రెండోది లేదు.
"ఏటి చేసుకుంటావు దీన్ని?" అన్నాడు
నోట్లు లెక్కెడుతూనే.
నాకూ తెలీదు.

సాయంత్రానికల్లా వచ్చీసినారు, ఎవరు చెప్పేరో.
తవిటినాయుడు బుల్లెట్టు దిగి,
కరెంటు స్తంభాలెక్కిన చేతులతో
నేరుగా వైరింగులోకి దూరిపోయేడు.
నర్సు మేరీ సుగుణ రాజ్‌దూత్‌కి స్టాండేసి
సిరంజితో కార్బురేటరు సందుల్లోకి పెట్రోలు కొట్టి
"జెట్టు మూసుకుపోయింది, ఊపిరాడ్డం లేదు పాపం" అంది,
వార్డులో చెప్పినట్టే.
కరీముల్లా ఏమీ మాట్లాడలేదు.
రెండో సైలెన్సరొకటి ఎక్కణ్ణించో పట్టుకొచ్చి
రెండూ మంటలో పెట్టి
ఇరవయ్యేళ్ళ మసి కాల్చి బయటికి తట్టేడు.
వీధంతా కాలిన నూనె కంపు. ఎదురింటావిడ తిట్టింది.
తిట్టి, టీ పంపింది.

ఫీలర్ గేజి లేదు మాకు.
ఎవరిదో శుభలేఖ అంచు చింపి
పాయింట్ల మధ్య దూర్చి చూసేవాళ్ళం.
పెళ్ళికొడుకు పేరు దాకా మసైపోయింది.

నాలుగు నెలలు పట్టింది.
మొదటిసారి అంటుకున్ననాడు
షెడ్డు నిండా నీలంపొగ, అందరికీ దగ్గు,
ఎవడూ బయటికి రాడు.
"పైకి తిప్పితే కిక్కు, కిందికి వాలిస్తే గేరు,
ఒకటే రాడ్డురా! లేపినోడే నడిపించుకోవాల"
అని నవ్వేడు జోగులు మావ.

జోగులు మావ నెల్లిమర్ల జూట్‌మిల్లు ఫిట్టరు.
ముప్పయ్యేళ్ళ మగ్గాల రొద చెవుల్ని ఏమీ చెయ్యలేదు గానీ
నీటికాసులు కళ్ళు పట్టుకుపోయేయి.
తన జావా ఇప్పుడు తలుపు చాటున, పాతచీర కింద.
వారానికోసారి మాలో ఒకడెళ్ళి స్టార్టు చేసి వినిపించాలి.
తల వంచి వింటాడు.
"ఇంక చాలు, ఆపీ" అంటాడు.

ఆ ఆదివారం నా వెనక సీటు ఆయనది.
గజపతినగరంలో ఇడ్లీలు, రామభద్రపురంలో చోడంబలి,
సాలూరు లారీ షెడ్ల దగ్గిర
సగం కట్టిన బాడీల మధ్య నుంచి
మేస్త్రీలు చేతులూపేరు మా బళ్ళ వరసకి.
ఘాట్‌రోడ్డెక్కేక నాలుగో మలుపులో
నా భుజమ్మీద వేలితో తట్టేడు మావ:
"ఆగిపోద్ది."
"బాగానే లాగుతోంది కదా!"
"ఆగిపోద్దిరా."
ఆరో మలుపులో ఆగిపోయింది.

ముందెళ్ళినవాళ్ళు చప్పుడు తగ్గిందని వెనక్కి తిరిగేరు.
ఎనిమిది బళ్ళు, ఎనిమిది టూల్‌సంచులు,
పదకొండు రకాల అభిప్రాయాలు.
ప్లగ్గన్నాడు తవిటినాయుడు. మేరీ సుగుణ కాయిలంది.
కరీముల్లా రాయి మీద కూచుని
కమలాపండు ఒలుస్తున్నాడు.
"కండెన్సరు," అన్నాడు మావ,
చొక్కాజేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి నాకిచ్చేడు.

పాతది. తుడిచి పెట్టింది.
"ఎక్కడిది మావా?"
"పోయిన ఆదివారమే విన్నాను నీ బండి గొంతు."
నేనడిగింది అది కాదు.
తవిటినాయుడు తల దించుకుని స్క్రూడ్రైవరు వెతుకుతున్నాడు.
పొద్దున్నే జావా విప్పింది వాడేనట.

రెండో కిక్కుకి అంటుకుంది.
పైకెళ్ళి చలిగాలిలో వేడి పకోడీలు తిన్నాం.
ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు.
పకోడీల్లో ఉప్పెక్కువైందని మాత్రం గుర్తు.

దిగుడు మొదలయ్యేక
పెట్రోలు కలిసొస్తుందని ఆక్సిలేటరు మూసీసి
బండిని దానంతటదే జారనిచ్చేను.
వెనకనుంచి మళ్ళీ ఆ వేలు.
"టూస్ట్రోకుకి నూనె పెట్రోల్లోనే వస్తాదిరా,
మొత్తం మూసీకు.
దిగినప్పుడు కూడా అప్పుడప్పుడు
కొంచెం తాగించాల."

తాగించేను.
లోయలోకి నీలంపొగ ఒక దారప్పోగు.
వెనక ఆయన తల వంచి వింటూనే ఉన్నాడు,
సాలూరు దీపాలు నేనొక్కణ్ణే చూసేను.