పన్నెండో కుర్చీ

సైదాబాద్‌లో మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో
పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు.
ఫ్లాటుకొకటి.
పదమూడోది వెయ్యలేదు.
వాచ్‌మన్ జంగిలయ్య నిలబడే ఉన్నాడు
మీటర్ల బోర్డుకి వీపు తగలకుండా.

మూడొందల రెండు వాళ్ల ఇన్వర్టర్ బ్యాటరీ పోయింది.
కెమెరా అంతకు ముందు రోజే పాడయింది.
ఆ రాత్రంతా మేలుకునే ఉన్నానంటాడు.
మేలుకునుంటే ఎట్లా పోయిందయ్యా, అన్నారొకరు.
నిద్రపోయానని ఉంటే
అదీ నేరమే అయ్యేది.

సెక్రటరీ పాండురంగారావుగారు సమోసాలు తెప్పించారు.
చట్నీ చాలా అని అడిగినంత తేలిగ్గా
ఏమంటారు మరి, అన్నారు.

అతను నోరు విప్పకముందే
నేను అతని కాళ్లు చూశాను.
కొత్త చెప్పులు.
ఆ క్షణంలోనే
నాలో ఎవరో ఫైలు మూసేసి
దారం ముడేశారు.

గౌలిగూడ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యొక్కేళ్లు
మొహాల్లేని గొంతులతో బతికినదాన్ని.
ఏడ్చే గొంతుకీ, ఎగిరిపడే గొంతుకీ
అదే తీగ, అవే మూడు నిమిషాలు.
ఎవరి చెప్పులూ కనపడేవి కావు.

"గా బ్యాటరీ నేను ముట్టలే అమ్మా"
అతనంటున్నప్పుడు
కళ్లు మూసుకుని విందామనుకున్నాను,
పాత అలవాటు మీద.
మూసుకున్నా చెప్పులే.

పోయినేడు నా గ్యాసు సిలిండరు పోయింది.
ఎవర్నీ ఏమీ అనలేదు.
అనకపోవడమే మంచితనమనుకున్నాను.
చెంచాడు తోడు పడ్డ పాలలా
ఏడాదిగా లోపల
కదలకుండా పేరుకుందని
ఇవాళ గిన్నె వంచితే గానీ తెలియలేదు.

లేచి చెప్పాను:
నన్ను లెక్కలోంచి తీసెయ్యండి,
వినకముందే తేల్చేసుకున్నాను నేను.
ఎవరో నవ్వారు.
"ఇదేమన్నా నాంపల్లి కోర్టా అమ్మా,
చెయ్యెత్తడమేగా!"

పదకొండు చేతులు లేచాయి.
కొన్నిటికి సమోసా నూనె ఇంకా ఆరలేదు.
రెండో అంతస్తు మెహరున్నీసా చెయ్యి
సగం దాకా లేచి,
పక్క చేతిని చూసి,
మిగతా సగం లేచింది.

నాది ఒళ్లో ఉంది, శుభ్రంగా.
ఆ శుభ్రం ఎవరికి ఒక పూట అన్నం పెడుతుంది?
పదకొండైనా పన్నెండైనా
అతను ట్రంకు పెట్టె సర్దుకోవడానికి
పట్టిన టైము ఒకటే.

గేటు దగ్గర అడిగాను,
సెల్లార్‌లో అడగాల్సిన మాట:
జంగిలయ్యా, ఆ చెప్పులెక్కడివి?

అతను నన్ను చూశాడు.
పెట్టె దించి, చెప్పులు విడిచి,
గోడవారగా జతకలిపి పెట్టి
ఉత్త కాళ్లతో చంపాపేట వైపు నడిచిపోయాడు.

పది రోజులైంది, అక్కడే ఉన్నాయవి.
ఊడ్చే పిల్ల కూడా వాటి చుట్టూ ఊడుస్తుంది.
కొత్తగా బాగు చేయించిన కెమెరా
వాటినే చూస్తోంది.